బూజు చేసే కుంకుడు రసం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, కమ్యుటేషన్ లెక్కల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఉదయం నుంచి మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "సార్, భోజనాలకు ముందు ఒక అరగంట ఏదైనా సైన్సు సంగతి చెప్పండి. లెక్కలు విని అందరూ అలసిపోయి ఉంటారు" అన్నారు. ఆకలి వేళ ఉపన్యాసం చెప్పడం ఎంత కష్టమో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి తెలియనిది కాదు. అయినా ఒప్పుకున్నాను. చాలా కాలంగా నా మనసులో ఉన్న ఒక సంగతి మీకు చెప్పుకోవాలని ఉన్నది.

ఆ సంగతి సముద్రం మీద పడిన నూనెను గురించి. అనంతపురం జిల్లాలో కూర్చుని సముద్రం ఊసెందుకు అని మీరు అడగవచ్చు. మనకు సముద్రం లేదు కానీ చెనక్కాయ ఉన్నది. ఆ రెండింటికీ ఉన్న బంధుత్వం ఏమిటో చివరికి మీకే తెలుస్తుంది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. సర్వీసంతా శిలీంధ్రాలను, అంటే బూజులను, శత్రువులుగానే పరిచయం చేశాను. వేరుశనగకు టిక్కా ఆకుమచ్చ, త్రుప్పు తెగులు, మొదలు కుళ్ళు, మొక్కజొన్నకు కాటుక తెగులు, అన్నిటికీ మూలం శిలీంధ్రమే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం వెదికితే వాటికి పెట్టిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో ఒక బూజు చేసిన విషం బయటపడింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఈ కథ చెప్పి "బూజు పట్టిన కాయ ఏరిపారెయ్యండి" అని ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పానో లెక్క లేదు. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ నేను చెప్పింది సగం పాఠమేనని రిటైరైన తరువాత తెలిసింది. మిగిలిన సగం ఈ రోజు చెబుతాను.

ఎన్నూరులో చూసింది

2017 జనవరి 28న మద్రాసుకు ఉత్తరాన ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒక ఓడలోని చిక్కటి ఇంధన తైలం సముద్రంలో కలిసింది. ఆ సమయంలో నేను తిరువొత్తియూరులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. నాలుగైదు రోజుల తరువాత అల్లుడితో కలిసి ఒడ్డుకు వెళ్ళాను. రాళ్ళ మధ్య నల్లటి తారు ముద్దలా తైలం పేరుకొని ఉన్నది. చిక్కటి తైలం అలల తాకిడికి నీళ్ళను తనలోకి కలుపుకొని, ఇసుకను పట్టుకొని, బెల్లం పాకం ముదిరినట్లు ముదురుతుంది. పీల్చే యంత్రాల గొట్టాలు దానికి పూడుకుపోయాయి. చివరకు మనుషులు వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి బకెట్లు అందించుకుంటూ తోడారు. అందులో కూలీలు ఉన్నారు, కోస్టుగార్డు జవాన్లు ఉన్నారు, కాలేజీ పిల్లలు ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఒక ముసలమ్మ చేపల తట్ట పెట్టుకొని కూర్చుని ఉన్నది. నేను తెలుగువాడినని గుర్తుపట్టి, "నాయనా, ఇవి ఇక్కడివి కాదు, దూరం నుంచి తెచ్చినవి, వాసన చూడు" అన్నది. తట్ట నిండుగా ఉన్నది. పొద్దెక్కిపోయినా ఒక్క చేప అమ్ముడుపోయినట్లు లేదు. మా అల్లుడు నా ముఖం చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. చదువుకున్నవాణ్ణి, ఆమె చెప్పేది నిజమే అయి ఉంటుందని తెలుసు. అయినా కొనలేదు. నూనె ఒలికించింది ఎవరో, శిక్ష పడింది ఎవరికో. ఆ శిక్షలో నా చేయి కూడా ఉన్నదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంటికి వచ్చి చెప్పులకు అంటిన తారును కిరోసిన్‌తో తుడిచి, బట్టల సబ్బు పొడితో రుద్ది, ఆ నీళ్ళను కాలువలోకి వదిలేశాను. చెప్పులు శుభ్రపడ్డాయి. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ కాలువ ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఆ సముద్రంలోకే. చెప్పులకు నేను చేసిన పనినే సముద్రానికి చేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పుస్తకాలు తిరగేశాను.

సబ్బే శత్రువైన కథ

జవాబు అర్ధ శతాబ్దం కిందటే తెలిసిపోయింది. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ఓడ కువైట్ ముడి చమురుతో పోతూ ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్ తీరం దగ్గర రాతి గుట్టలకు కొట్టుకున్నది. సుమారు 1,19,000 టన్నుల ముడి చమురు ఆ ఓడలో ఉన్నది. అంత పెద్ద ప్రమాదం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఏం చెయ్యాలో తోచక చమురును తగలబెట్టడానికి విమానాలతో బాంబులు వేశారు. ఒడ్డున, సముద్రం మీద సుమారు 10,000 టన్నుల డిటర్జెంటు చల్లారు. ఫ్యాక్టరీ యంత్రాలకు పట్టిన జిడ్డు కడగడానికి వాడే ఘాటైన సరుకది.

జిడ్డు కరిగింది. కానీ రాళ్ళను అంటిపెట్టుకొని బతికే నత్తజాతి జీవులు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. నాచును మేసేవి అవే కాబట్టి, అవి పోయాక రాళ్ళన్నీ పచ్చటి నాచుతో నిండిపోయాయి. శాస్త్రజ్ఞులు ఆ తీరాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. డిటర్జెంటు చల్లని చోట రెండు మూడేళ్ళలో తీరం మామూలు స్థితికి వచ్చింది. విపరీతంగా చల్లిన చోట పదేళ్ళు దాటినా పూర్తిగా కోలుకోలేదు. నూనె కంటే సబ్బు ఎక్కువ చెరుపు చేసింది.

ఆ తరువాత వచ్చిన మందులు అంత విషపూరితమైనవి కావని న్యాయంగా చెప్పాలి. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే తవ్వకపు వేదిక పేలి 11 మంది చనిపోయారు. 87 రోజుల పాటు చమురు బయటకు చిమ్మింది. అప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల రసాయనపు మందు వాడారు. దానివల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా అని శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. అంటే నూనె ఒలికినప్పుడు దేనితో కడుగుతామన్నది చిన్న ప్రశ్న కాదు.

కుంకుడుకాయ చెప్పే పాఠం

అసలు సబ్బు చేసే పని ఏమిటి? మన చిన్నతనంలో ఆదివారం తలంటు గుర్తు తెచ్చుకోండి. అమ్మ కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో పిసికి, ఆ నురుగుతో తల రుద్దితే నూనె జిడ్డు పోయేది. కళ్ళు మండేవి, మనం ఏడ్చేవాళ్ళం. కుంకుడులో సపోనిన్లు అనే పదార్థాలు ఉన్నాయి. వాటి అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొసకు నీళ్ళంటే ఇష్టం, రెండో కొసకు నూనె అంటే ఇష్టం. నీళ్ళకూ నూనెకూ పడదు కదా! ఈ అణువు మధ్యవర్తిలా నిలబడి, ఒక చేత్తో నీటిని, ఒక చేత్తో నూనెను పట్టుకుంటుంది. దానితో నూనె చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీళ్ళతో కలిసి పోతుంది.

దీనికి ఒక కొలత ఉన్నది. నీటి ఉపరితలం బిగుతుగా లాగిన పొరలా ఉంటుంది. అందుకే నీటి మీద పురుగులు మునగకుండా పరిగెత్తుతాయి. ఈ బిగువును తలతన్యత అంటారు. మామూలు నీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. మంచి సబ్బు కలిస్తే 30 దగ్గరకు దిగుతుంది.

కుంకుడు చెట్టు చేసే ఈ పనిని కంటికి కనిపించని జీవులు కూడా చేస్తాయి. బ్యాక్టీరియాలు చేస్తాయి, శిలీంధ్రాలు చేస్తాయి. అవి తయారుచేసే సబ్బులాంటి పదార్థాలనే బయోసర్ఫాక్టెంట్లు అంటున్నారు. మనం జీవసబ్బులు అనుకుందాం. వీటిలో చాలావరకు విషం తక్కువ. పని అయిపోయిన తరువాత మట్టిలో, నీటిలో సూక్ష్మజీవులే వీటిని తినేస్తాయి. అందుకే వీటిపై ఆశ.

తుమ్మెద తేనెలో దొరికిన ఈస్టు

శిలీంధ్రం అంటే బూజు ఒక్కటే కాదు. పుట్టగొడుగు ఆ జాతిదే, కల్లును పులియబెట్టే ఈస్టు ఆ జాతిదే. 1961లో కెనడాలో సస్కటూన్ పట్టణంలోని జాతీయ పరిశోధనశాలలో గోరిన్, స్పెన్సర్, టులక్ అనే శాస్త్రజ్ఞులు ఒక ఈస్టు తన చుట్టూ ద్రవంలోకి వింత కొవ్వును వదులుతున్నదని ప్రకటించారు. ఆ కొవ్వుకు తల చక్కెర, తోక కొవ్వు ఆమ్లం. రెండు గ్లూకోజులు జతకూడిన సోఫొరోస్ అనే చక్కెర అందులో ఉన్నది కాబట్టి సోఫొరోలిపిడ్ అన్నారు. ఈ పనిలో అందరినీ మించిన ఈస్టు తరువాత తుమ్మెద జాతి ఈగల తేనెలో దొరికింది. దాని నేటి పేరు స్టార్మెరెల్లా బాంబికోలా.

తేనెలో బతికే ఈస్టుకు సబ్బు ఎందుకు? తిండి పుష్కలంగా ఉన్నచోట పోటీదారులు కూడా ఎక్కువే. ఈ పదార్థం వాటిని దగ్గరకు రానివ్వదు. పైగా కరువు వచ్చినప్పుడు తాను తిరిగి తినడానికి దాచుకున్న గాదె కూడా అదే. మనం ప్రావిడెంటు ఫండు దాచుకున్నట్లే!

అదే పరిశోధనశాలలో అంతకు పదేళ్ళ ముందే మరో సంగతి తేలింది. మొక్కజొన్నకు కాటుక తెగులు తెచ్చే శిలీంధ్రం కూడా ఇటువంటి పదార్థాన్నే తయారుచేస్తుంది. ఏ తెగులు బొమ్మ నల్లబల్ల మీద గీసి శత్రువు అని చెప్పానో, అది ఇంత పనిమంతురాలని నాకు అప్పుడు తెలియదు.

ఇంకొక బూజు కిరోసిన్‌లోనే బతుకుతుంది. విమానాల ఇంధన తొట్టెల అడుగున కొద్దిగా నీరు చేరితే చాలు, ఆ నీటికీ ఇంధనానికీ మధ్య చాపలా అల్లుకొని వడపోతలను మూసేస్తుంది. ఇంజనీర్లు దానికి కిరోసిన్ బూజు అని పేరు పెట్టి తిట్టుకున్నారు. విమానానికి అది శత్రువే. కానీ నూనెను తినగల శిలీంధ్రం ప్రకృతిలో ఉన్నదని అదే సాక్ష్యం.

వ్యర్థం నుంచి అర్థం

ఇక అసలు చిక్కు ఖర్చు. ఈస్టుకు శుభ్రమైన గ్లూకోజు, మంచి నూనె పెట్టి పెంచితే సబ్బు తయారవుతుంది కానీ బంగారం ధర పలుకుతుంది. మనిషి తినే తిండిని బూజుకు పెట్టడమూ న్యాయం కాదు. అందుకే పారవేసే వాటితో పెంచే ప్రయత్నాలు మొదలయ్యాయి.

జర్మనీలో 1998లో చేసిన ప్రయోగం నాకు చాలా నచ్చింది. జున్ను చేసేచోట మిగిలే విరుగుడు నీళ్ళను కాలువలో వదిలితే నీరు కుళ్ళి చేపలు చస్తాయి. అందులో పాల చక్కెర ఉంటుంది. తేనె ఈస్టుకు పాల చక్కెర అరగదు. అందువల్ల ముందు ఇంకొక ఈస్టుకు ఆ నీళ్ళు పెట్టారు. అది తిని కొవ్వెక్కింది. దాన్ని చితక్కొట్టి, కొంత ఆవజాతి నూనెతో కలిపి తేనె ఈస్టుకు పెట్టారు. లీటరుకు 400 గ్రాములకు పైగా సోఫొరోలిపిడ్ వచ్చింది. ఒకరు వండి పెడితే ఒకరు తిన్నట్లు ఈ రెండు ఈస్టులు పని పంచుకున్నాయి. బెల్జియంలో హోటళ్ళలో వాడి మిగిలిన వేపుడు నూనెతోనూ ఈ పదార్థాన్ని తయారుచేసి చూపారు.

ఇప్పుడు చెనక్కాయ సంగతి. బ్రెజిల్ దేశంలో పెర్నాంబుకో రాష్ట్ర రాజధాని రెసీఫె. సముద్రపు ఒడ్డు పట్టణం. అక్కడి కాథలిక్ విశ్వవిద్యాలయంలో లియోనీ సరుబ్బో అనే ఆమె, తోటివారు కాండిడా జాతి ఈస్టులపై ఏళ్ళ తరబడి పనిచేశారు. వాటికి వారు పెట్టిన మేత ఏమిటో తెలుసా? ఒకటి, వేరుశనగ నూనెను శుద్ధిచేసే మిల్లులో మిగిలే మడ్డి. రెండోది, మొక్కజొన్న నుంచి గంజిపిండి తీసేచోట గింజలు నానబెట్టిన నీళ్ళు. ఈ రెండూ కలిపి పెడితే వారి ఈస్టు చేసిన సబ్బు నీటి బిగువును 72 నుంచి 25 దగ్గరకు దించింది. మోటారు నూనె పట్టిన ఇసుకను దానితో కడిగితే ప్రయోగశాలలో తొంభై శాతానికి పైగా నూనె వదిలింది. 1960లో కోళ్ళను చంపిన విషం కూడా బ్రెజిల్ వేరుశనగలోనే దొరికిందని మొదట చెప్పాను. ఆ దేశంలోనే, ఆ పంట మిగులుతోనే, మరో శిలీంధ్రం ఈ మేలు చూపింది. నా పాఠంలో మిగిలిన సగం ఇదే.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన ఊరి నూనె మిల్లుల వెనక సందులు గుర్తొచ్చాయి. ఆ జిగట, ఆ వాసన మీ అందరికీ తెలుసు.

2019 ఆగస్టు చివరి నుంచి ఆ బ్రెజిల్ ఈశాన్య తీరానికే ఎక్కడి నుంచో ముడి చమురు ముద్దలు కొట్టుకొచ్చాయి. 11 రాష్ట్రాల తీరం, 3,000 కిలోమీటర్లకు పైగా మైలపడింది. పెర్నాంబుకోలో జాలరులు, వారి పిల్లలు వట్టి చేతులతో తారును ఎత్తిపోశారు. చొక్కాకు బదులు చెత్త సంచి తొడుక్కుని, నడుము లోతు నల్లటి నీళ్ళలోంచి బయటకు వస్తున్న ఒక కుర్రవాడి ఫొటో లోకమంతా చూసింది. ఆ ఫొటో చూసినప్పుడు నాకు ఎన్నూరు బకెట్లు కళ్ళ ముందు కదిలాయి. దేశాలు వేరు, భాషలు వేరు, నూనె ఎత్తే చేతులు మాత్రం ఒకటే. ఆ చేతులకు పనికివచ్చే సాధనం తయారు కావాలన్నదే నా ఆశ.

ఒక బొట్టు లెక్క

జీవసబ్బు నూనెను మాయం చెయ్యదు. ఇది గుర్తుంచుకోవాలి. అది నూనెను ముక్కలు చేస్తుంది, ఇసుక నుంచి, రాతి నుంచి ఊడదీస్తుంది. తినే పని సముద్రంలో, మట్టిలో ఉండే సూక్ష్మజీవులది. ముద్దగా ఉన్న నూనెకు అవి పై పొర మీద మాత్రమే అంటుకోగలవు.

లెక్కల మాస్టారు గారు ముందు వరసలో ఉన్నారు, తప్పయితే దిద్దగలరు. ఒక బొట్టును 1,000 సమాన బిందువులు చేస్తే మొత్తం పై పొర 10 రెట్లు పెరుగుతుంది. 10 లక్షల బిందువులు చేస్తే 100 రెట్లు. కొబ్బరికాయ కొట్టకుండా ఎదుట పెడితే ఎంతమంది తినగలరు? తురిమి పంచితే అందరికీ అందుతుంది. అంతే సంగతి.

మన సీమ నుంచి ఎంతోమంది కువైట్ వెళ్ళారు. అక్కడి చమురు తొట్టెల అడుగున పేరుకున్న మడ్డిని ఇటువంటి జీవసబ్బుతో కడిగిన ప్రయోగం 1991లో ప్రచురితమైంది. తొంభై శాతానికి పైగా చమురు తిరిగి వాడుకోవడానికి దక్కింది. అది బ్యాక్టీరియా చేసిన సబ్బు, శిలీంధ్రానిది కాదు. అయినా ప్రయోగశాల దాటి, నిజమైన తొట్టెలో పనిచేసిన ఉదాహరణ కాబట్టి చెబుతున్నాను. మనుషులు దిగి, ఆవిర్లు పీలుస్తూ పారలతో గీకే పని అది. దానికి మరో మార్గం ఉండటం చిన్న విషయం కాదు.

తొందరపడకూడదు

ఇంత చెప్పి, రేపటి నుంచి బూజు సముద్రాన్ని కడిగేస్తుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినవాణ్ణవుతాను. కష్టాలు ఇంకా ఉన్నాయి.

మొదటిది ఖర్చు. తయారైన ద్రవం నుంచి శుద్ధమైన పదార్థాన్ని విడదీయడానికే మొత్తం ఖర్చులో సగానికి పైగా అవుతుందని అంచనా. అయితే ఒక వెసులుబాటు ఉన్నది. ముఖానికి రాసుకునే క్రీములోకి కావాలంటే శుద్ధి కావాలి. తారు పట్టిన ఇసుక కడగడానికి అంత శుద్ధి అక్కరలేదు, పులిసిన ద్రవాన్నే వడగట్టి వాడవచ్చు. పాత్రలు తోమడానికి వెండి బూడిద అవసరమా?

రెండోది నురుగు. సబ్బు చేసే జీవికి గాలి పోస్తే తొట్టె నిండా నురుగే. పాలు పొంగినట్లు పొంగి బయటకు పోతుంది. సోఫొరోలిపిడ్‌తో ఈ బాధ కొంత తక్కువ. అది తేనెలా చిక్కబడి వేరు పొరగా తేరుకుంటుంది.

మూడోది, అన్ని శిలీంధ్రాలూ సాధువులు కావు. కాండిడా జాతిలో కొన్ని మనిషికి జబ్బు చేసేవి ఉన్నాయి. కాబట్టి బతికి ఉన్న జీవిని కాక, అది చేసిన సబ్బును మాత్రమే తీసి వాడటం మేలు. పిల్లలెవరూ ఇంట్లో పాత నూనెలో బూజు పెంచి చూడకండి. ఉబ్బసం ఉన్న తాతగారికి ప్రమాదం.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. మంచి సబ్బు దొరికింది కదా అని ఒలికించడానికి ఎవరికీ హక్కు రాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల్లో అదే ఎన్నూరు ఉప్పుటేరులోకి మళ్ళీ నూనె వచ్చింది. మడ అడవులకు, పడవలకు, వలలకు నల్లటి పూత పట్టింది. జాలరులు మళ్ళీ బకెట్లు పట్టారు. ఏడేళ్ళలో రెండుసార్లు! ఒలకకుండా చూడటం మొదటి పని, ఒలికితే కట్టడి చేసి తోడటం రెండో పని, కడగడం మూడోది. జీవసబ్బు ఆ మూడో పనికే.

సభ్యుల ప్రశ్నలు

ప్రసంగం తరువాత సభ్యులు కొన్ని ప్రశ్నలు అడిగారు. సంపాదకుల కోరికపై వాటిలో మూడు ఇక్కడ రాస్తున్నాను.

ట్రెజరీలో పనిచేసి రిటైరైన మిత్రుడు అడిగారు: "సార్, వ్యర్థం అంటున్నారు. మిల్లు మడ్డిని సబ్బుల వాళ్ళు కొంటున్నారు కదా! ఉచితంగా ఎవరిస్తారు?" చాలా మంచి ప్రశ్న. ఖజానా లెక్కలు చూసిన కళ్ళు ఊరికే పోవు. నిజమే, మడ్డికి ధర ఉన్నది. వాడిన వంటనూనెను బయోడీజిలు చేసేవారు కొంటున్నారు. గిరాకీ పెరిగితే వ్యర్థం వ్యర్థంగా ఉండదు, సరుకవుతుంది. కాబట్టి ఎవరూ కొనని వ్యర్థాన్ని వెదకడమే ఇప్పటి పరిశోధనల్లో పెద్ద భాగం.

ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని అడిగారు: "పండగకు వేపుడయ్యాక మిగిలిన నూనె ఏం చెయ్యమంటారు?" అమ్మా, ముందు కాలువలో పోయవద్దు. గొట్టాల్లో గడ్డకట్టి మన వాకిలికే తిరిగి వస్తుంది. పదేపదే కాచి వాడవద్దు. ఆహార భద్రతా సంస్థ 2018లో వాడిన నూనెకు ఒక పరిమితి పెట్టింది. మాటిమాటికీ కాచడం వల్ల పుట్టే పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. అదే ఏడాది వాడిన నూనెను సేకరించి బయోడీజిలు వంటి వాటికి మళ్ళించే పథకం కూడా మొదలుపెట్టింది. చల్లారిన నూనెను సీసాలో పోసి ఉంచి, సేకరించేవారికి ఇవ్వండి. మన సంఘ భవనంలోనే ఒక డబ్బా పెట్టి, నెలకొకసారి సేకరించేవారికి అప్పగిస్తే బాగుంటుందని నా మనవి. కార్యవర్గం ఆలోచించాలి.

ఒక సభ్యుని మనవరాలు, డిగ్రీ చదువుతున్నది, అడిగింది: "తాతగారూ, ఈ సోఫొరోలిపిడ్ ఎక్కడైనా నిజంగా అమ్ముతున్నారా?" అమ్ముతున్నారమ్మా. జపాన్‌లో సరయా అనే కంపెనీ పాత్రలు కడిగే సరుకులో వాడింది. ఐరోపాలోనూ ఇంటి శుభ్రతకు వాడే సరుకుల్లో చేరింది. వంటింటి జిడ్డుకు వచ్చింది, సముద్రపు జిడ్డుకు చౌకగా రావలసి ఉన్నది. ఆ మిగిలిన దూరం నడవవలసినది మీ తరం. మన జిల్లాలో చెనక్కాయ ఉన్నది, మిల్లులున్నాయి, మీ చేతిలో సూక్ష్మదర్శిని ఉన్నది. మన నేలలోనే, మన మిల్లు సందుల్లోనే ఏ ఈస్టు దాగి ఉన్నదో మీ గురువుల పర్యవేక్షణలో వెదకండి.

ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకున్నది. నా ఉపన్యాసానికి అంతకు మించిన ఫలితం అక్కరలేదు.

మిత్రులారా, తినగా మిగిలినది, పిండగా మిగిలినది పనికిరానిదని అందరూ అనుకున్నదాంట్లో ఒక పని దాగి ఉన్నదని ఈ కథ చెబుతున్నది. ఈ హాలులో కూర్చున్న మనకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. ఈసారి మద్రాసు వెళ్ళినప్పుడు ఆ రోడ్డు పక్కన ఆ ముసలమ్మ కనిపిస్తే, బేరం ఆడకుండా చేపలు కొనాలని ఉన్నది. ఆలస్యమైన బాకీ అది.